గోడమీద కొండ

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. పింఛను కాగితాల మీద సంతకానికి తప్ప అది ఇంకెందుకూ పనికిరాకుండా పోయింది. ఊరందరికీ ఆయన కొండమింగి. గని నడిచిన రోజుల్లో అది ముద్దుపేరే. పెద్ద షావెల్ యంత్రం మీద కూర్చుని, ఊరి పక్కనున్న కొండని శిఖరం దగ్గర మొదలుపెట్టి మెట్టు మెట్టుగా కిందిదాకా తవ్వి డంపర్లలో పోసిన మనిషిని ఇంకేమంటారు? క్యాంటీన్‌లో ఎవరైనా "ఏం కొండమింగీ, ఇవాళ ఏపాటి తిన్నావ్?" అంటే, "ఏదో, నాలుగు ముద్దలు" అని మీసం సర్దుకునేవాడు.

తర్వాత గని మూతపడింది. కొండ ఉన్నచోట గొయ్యి, గోతిలో ఎర్రనీళ్ళు, గోతి చుట్టూ పనికిరాని మట్టి దిబ్బలు మిగిలాయి. అప్పట్నించీ ఆ పేరుకి ముల్లు మొలిచింది. కుళాయిలో నీళ్ళు ఎర్రగా వస్తే కొండమింగి. గాలిదుమారం లేచి ఆరేసిన బట్టల మీద మట్టి పడితే కొండమింగి. కొండ తవ్వమని సంతకాలు పెట్టినవాళ్ళూ, తవ్విన ఖనిజాన్ని ఓడలెక్కించినవాళ్ళూ ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. తెలిసినా వాళ్ళనేమీ అనలేరు. ఈయనైతే పక్క వీధిలోనే ఉంటాడు, రోజూ సాయంత్రం టీకి వస్తాడు, అనడానికి ఎంతో వీలుగా ఉంటాడు.

ఆయన కూడా తక్కువ తినలేదు. ఆ పేరుతో పిలిస్తే పలకడం మానేశాడు. టీ కొట్టాయన "కొండమింగీ, టీ చల్లారిపోతోంది" అని గొంతు చించుకున్నా ఉలకడు, పలకడు. చివరికి కొట్టాయనే గ్లాసు తెచ్చి ముందు పెట్టాల్సి వచ్చేది. "పలకని మొండితనం నీది, మోసే ఖర్మ నాది" అని సణుక్కునేవాడు గాని, పేరు మాత్రం మార్చలేదు.

ఇంట్లో ముందుగదికి ఒక కిటికీ ఉంది. ఒకప్పుడు అందులోంచి కొండ నిండుగా కనిపించేది, ఇప్పుడు గొయ్యి అంచు కనిపిస్తుంది. పెద్దాయన కుర్చీ ఆ కిటికీకి వీపు పెట్టి ఉంటుంది. ఊడ్చేటప్పుడు భార్య కుర్చీ జరిపితే, మళ్ళీ కొలత పెట్టినట్టు అదే చోట అలాగే వేసుకుంటాడు.

"మీరు వీపు తిప్పితే గొయ్యి పూడుతుందా ఏమిటి?" అంటుందావిడ.

"పూడకపోతే పోనీ. నాకు కనపడకపోతే చాలు."

"నాకు మీ మొహం కనపడుతోందిగా. అది గొయ్యికంటే నయమేం కాదు."

ఇలా ఉండగా, వానలు మొదలవబోతున్న రోజుల్లో, ఒకనాటి పొద్దున్నే పెద్దాయన చెల్లెలు దిగింది, రెండు చేతుల్లోనూ ఖాళీ సంచులతో. ఎవరైనా చుట్టాలింటికి నిండు సంచులతో వస్తారు. ఈవిడ ఖాళీ సంచులతో వచ్చి నిండు సంచులతో వెళ్ళే రకం. బొమ్మలు వేస్తుంది. మామూలు బొమ్మలైతే ఏ గొడవా లేదు. మూసేసిన బొగ్గుగనులు, వదిలేసిన రాతి క్వారీలు, కూలిపోయిన ఇటుక బట్టీలు, ఇలాంటి చోట్లకి పోయి, అక్కడి మట్టీ మసీ ఏరుకొచ్చి, నూరి, గుడ్డలో జల్లించి, బంకనీళ్ళలో కలిపి, ఆ చోటు బొమ్మని ఆ చోటు మట్టితోనే వేస్తుంది. కొట్లో కొన్న రంగు చుక్క కూడా ముట్టదు.

"కొట్లో రంగులేం పాపం చేశాయమ్మాయ్?" అని వదిన ఎప్పుడో అడిగింది.

"వాటికి ఈ ఊరు తెలీదు వదినా" అంది చెల్లెలు.

వదినకి ఆ జవాబు అర్థం కాలేదు. మళ్ళీ అడిగితే ఇంతకంటే అర్థంకాని జవాబు వస్తుందన్న భయంతో ఊరుకుంది.

ఈసారి వచ్చిన పని పెద్దదే. గని వాళ్ళ పాత క్యాంటీన్‌ని ఊరివాళ్ళు లైబ్రరీ చేసుకున్నారు. అందులో కిటికీలకెదురుగా పెద్ద ఖాళీ గోడ ఉంది. ఆ గోడ నిండా కొండ బొమ్మ వెయ్యమన్నారు. తవ్వకముందు ఎలా ఉండేదో అలాగ.

"నువ్వు నాతో రావాలన్నయ్యా" అంది, కాఫీ కప్పు కింద పెట్టి. "ఏ పొర మట్టి ఏ దిబ్బలో పోశారో నీకైతే తెలుసు. నేనైతే ఏడాదంతా తిరగాలి."

పెద్దాయన దిబ్బల వైపు కాలు పెట్టి చాలా ఏళ్ళయింది. పోనని అనబోయాడు కూడా. అంతలో ఒక ఆలోచన వచ్చి నోరు మూయించింది. కొండ మళ్ళీ ఊళ్ళోకి వస్తోంది, గోడమీదికైనా సరే. దాన్ని మోసుకొచ్చేది తనే అయితే, తన చేతులతోనే ఆ మట్టి అక్కడికి చేరితే, ఈ పాడు పేరు పోదా? పైకి అనలేదుగాని, ఆ క్షణంనుంచీ ఆయనకి కావలసింది అదొక్కటే. లేచి, అటక మీంచి పాత బూట్లు దింపాడు.

"బాబోయ్, బూట్లు దిగాయి!" అంది భార్య. "ఇక ఈ ఇంట్లో మట్టికి లోటుండదు."

దిబ్బల మధ్య నడుస్తుంటే పెద్దాయనకి మాట పెరిగింది. ఇది శిఖరం మట్టి, నేను మొదట తీసింది ఇదే, చూడు ఎంత ముదురు ఎరుపో. ఇది నడుము దగ్గరిది, ఊదా జీర ఉంటుంది. కాలవ ఒడ్డున పేరుకున్న పసుపుపచ్చ ఒండ్రుని చెల్లెలు చెంచాతో గీకి తీసింది, నెయ్యి గీకినంత అపురూపంగా. గని కొలిమిలో ఇనుము కాల్చగా మిగిలిన చిట్టెం నల్లగా నిగనిగలాడుతూ దొరికింది. అన్నిటికంటే చివరి దిబ్బ తెల్లటి బంకమన్నుది. దాని పైపొర ఎండి పెంకులా బిగిసిపోయి ఉంది. పెద్దాయన గునపం తీసుకుని అక్కడా ఇక్కడా మోకాలి లోతు గుంటలు తీస్తే గాని లోపలి మెత్తటి తెలుపు అందలేదు.

"దీని మీద గడ్డిపోచ కూడా మొలవలేదు" అంది చెల్లెలు, చుట్టూ చూసి. "ఇన్నేళ్ళయినా."

"ఎలా మొలుస్తుంది? నీటిచుక్క దిగదు. పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది."

ఇంటి వసారాలో మట్టి నూరడం మొదలైంది. వదిన పచ్చడి రోలు ముట్టుకుంటే ఊరుకోనని ముందే చెప్పింది కాబట్టి, చెల్లెలు నున్నటి రాతిపలకా గాజుపొత్రమూ తనే తెచ్చుకుంది. సీసాలు వరసగా నిండాయి: ఎరుపులు, ఊదా, పసుపు, నలుపు, తెలుపు. చెల్లెలు కాగితం మీద కొండ గీసి చూపించింది. ఇక్కడ ఎరుపు, ఇక్కడ ఊదా, అంచున నలుపు.

పెద్దాయన చాలాసేపు చూశాడు. "ఆకుపచ్చ ఏదీ?"

"ఇక్కడ ఆకుపచ్చ లేదు కదా అన్నయ్యా."

"కొండంటే చెట్లతో ఉండేది. వానాకాలంలో కళ్ళు చల్లబడేవి. నువ్వు వేసింది చర్మం ఒలిచిన కొండ. అది నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. దాన్ని గోడకెక్కిస్తే ఊళ్ళోవాళ్ళు ఏమంటారో కూడా తెలుసు."

"ఉన్న రంగులతోనే వెయ్యాలి. లేనిది లేదనే చెప్పాలి."

"ఉంది" అన్నాడు పెద్దాయన.

ఒకప్పటి కొండ పాదంలో నీళ్ళు పోవడానికి తవ్విన పాత సొరంగం ఒకటుంది. దాని గోడల మీద తేమకి ఒక రకం ఉప్పు పేరుకుంటుంది. గాజులా మెరిసే లేత ఆకుపచ్చ పలుకులు, చూడ్డానికి పటికబెల్లంలా ఉంటాయి. గనిలో పనిచేసినవాళ్ళందరికీ తెలుసు. పిల్లలకి చూపించడానికి ఎవరైనా ఇంటికి పట్టుకెళ్తే తడి గోనెగుడ్డలో చుట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఎందుకు తడిపేవాళ్ళో ఎవరూ ఆలోచించలేదు. "ఆరితే అలుగుతుంది" అనుకునేవాళ్ళు, అంతే. పెద్దాయన టార్చిలైటు పట్టుకుని వెళ్ళి, ఒక డబ్బా నిండా గీకి, తడి గోనెలో చుట్టి తెచ్చి చెల్లెలి ముందు విప్పాడు.

ఆవిడ ఒక పలుకుని వెలుతురులో తిప్పి చూసింది.

"చాలా బావుంది. కానీ నమ్మను" అంది. "నేను పట్నం వెళ్ళి బంకా కుంచెలూ తెచ్చుకునేలోపు దీన్ని పరీక్ష చెయ్యాలి. ఇదిగో, ఈ పెంకు మీద పూశాను. డాబా మీద ఎండలో పెట్టు. నేనొచ్చేదాకా అలాగే ఉండాలి. దాని మొహం కూడా చూడకు."

పెద్దాయన పెట్టాడు. మొహం చూడకుండా మాత్రం ఉండలేకపోయాడు. మర్నాడు పైకెళ్ళి చూస్తే పెంకు అంచులు తెల్లబడుతున్నాయి. తప్పు రంగుదని ఆయనకి తోచలేదు. పాపం ఎండకి దాహమేసినట్టుంది, తను సరిగా చూసుకోలేదనే అనుకున్నాడు. గనిలో ఏళ్ళ తరబడి చేసినదే చేశాడు. పెంకుని దించి, నీళ్ళు చిలకరించి, తడి గోనెలో చుట్టి, స్నానాలగదిలో మూలన పెట్టాడు. చెల్లెలు వచ్చేసరికి పెంకు మిలమిలలాడుతోంది.

"ఎండలోనే ఉంచావా?"

"ఉంచాను" అన్నాడు. ఒకరోజు ఉంచాడు కాబట్టి అబద్ధం కాదని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

వానలు పట్టుకున్నాయి. ఆ వానల్లోనే గోడమీద కొండ లేచింది. అడుగున ఎరుపు, నీడల్లో ఊదా, రాళ్ళకి తెలుపూ నలుపూ, వాటన్నిటి మీదా దుప్పటి కప్పినట్టు లేత ఆకుపచ్చ. అన్నాచెల్లెళ్ళు కొండ ఆకారం గురించి పోట్లాడుకున్నారు. ఆయన రెండు మూపులంటాడు, ఆవిడ ఒకటిన్నర అంటుంది. వదిన మధ్యాహ్నం భోజనం తెచ్చి, "పడుకున్న ఆవులా ఉండేది, తల అటువైపు. ఇక తినండి" అని తీర్పు చెప్పింది. అదే ఖాయమైంది.

గోడ చూడడానికి ఊరంతా వచ్చిన రోజు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ముందు తలుపు దగ్గరే ఆగిపోయారు. తర్వాత ఒకావిడ గోడ దగ్గరికి వెళ్ళి, ఎడమవైపు పాదం దగ్గర వేలు పెట్టి, "మా మేకలు ఇక్కడ మేసేవి" అంది. దాంతో అందరికీ నోళ్ళు వచ్చాయి. ఎవరి దారి ఎక్కడుందో, ఎవరు ఎక్కడ జారిపడ్డారో, ఎవరు ఎవరితో ఎక్కడ మాట్లాడుతూ వాళ్ళ నాన్న కంటపడ్డారో, అన్నీ బయటికొచ్చాయి. పుస్తకాల దగ్గర గట్టిగా మాట్లాడొద్దని లైబ్రరీ ఆయన రెండుసార్లు చెప్పి, మూడోసారి తనే తన చిన్నతనంలో ఎక్కిన బండ చూపించాడు.

టీ కొట్టాయన పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఆపరేటర్ గారూ, బావుందండీ" అన్నాడు.

ఆపరేటర్ గారూ! గని మూతపడ్డాక ఆ మాట విన్నది అదే మొదటిసారి. ఆ సాయంత్రం పెద్దాయన ఇంటికొచ్చి కుర్చీని కిటికీ వైపు కొద్దిగా, కొద్దిగానే, తిప్పుకున్నాడు. భార్య చూసింది. చూసి, ఏ వ్యాఖ్యానమూ చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ విషయంలో అది మామూలు సంగతి కాదు.

ఈ వైభోగం పొడిగాలులు మొదలయ్యేదాకా సాగింది. వానలు వెనక్కి తగ్గి ఎండ కాయగానే, కొండ శిఖరం మీద బూజులాంటి తెలుపు కనిపించింది. పెద్దాయన రోజూ వెళ్ళి చూస్తున్నాడు కాబట్టి ముందు ఆయన కంటే పడింది. ఎవరూ లేనప్పుడు తడిగుడ్డతో అద్దాడు. ఇంకా పాడైంది. తెలుపు కిందికి దిగింది, పొడిపొడిగా రాలింది, ఆ తర్వాత తుప్పు రంగుకి తిరిగింది. చెట్లున్నచోటల్లా తుప్పు. పడుకున్న ఆవుకి చర్మం ఒలిచేసినట్టయింది. రాలిన పొడి పుస్తకాల మీద పడుతుంటే లైబ్రరీ ఆయన దులిపీ దులిపీ తుమ్మసాగాడు.

టీ కొట్టాయన మంచివాడే. కాని నోటికొచ్చిన హాస్యాన్ని ఆపుకునేంత మంచివాడు కాదు. "ఏం కొండమింగీ, గోడమీది కొండని కూడా వదల్లేదా?" అన్నాడు. కొట్టంతా నవ్వింది. పెద్దాయన టీ తాగకుండానే లేచి వచ్చేశాడు. కుర్చీని మళ్ళీ వెనక్కి తిప్పుకున్నాడు.

కబురందుకుని చెల్లెలు వచ్చింది. ఆవిడ గోడముందు నిలబడి వేలితో తుప్పుని ముట్టుకుని, నాలిక చివర రుచి చూసి ఉమ్మేసింది. "అన్నభేది, ఇనప ఉప్పు. గాలి తగిలితే ఇలాగే అవుతుంది. పెంకు ఎందుకు మారలేదో అర్థం కావట్లేదు." లైబ్రరీ ఆయన మొహమాటంగానే చెప్పాడు: పుస్తకాలు పాడైపోతున్నాయి, ఈ ఆదివారం దాటాక గోడకి సున్నం కొట్టించాలని కమిటీవాళ్ళు అనుకున్నారు.

సున్నం అన్న మాట వినగానే పెద్దాయనకి దాచుకోవడం చేతకాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అంచులు తెల్లబడడం, నీళ్ళు చిలకరించడం, గోనెగుడ్డ, స్నానాలగది, అంతా.

చెల్లెలు మొహం పాలిపోయింది. "నీకు నేను అప్పగించింది ఒక్క పని. ఎండలో వదిలెయ్యడం. ఏమీ చెయ్యకుండా ఉండమన్నాను. అది కూడా చేతకాలేదా?"

"తెల్లబోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయానే అమ్మా."

"అది తెల్లబోతుందో లేదో చూడ్డానికే పెట్టమంది!"

"పోనీ, కొట్లో ఆకుపచ్చ తెద్దాం. ఈ ఒక్కసారికి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. గోడకి తెలుస్తుంది." ఆవిడ కోపంతో అన్న వైపు వేలు చూపించింది. "ఊరకే అనలేదు నిన్ను. కొండమింగివే నువ్వు."

ఆ మాట ఎన్నడూ అనని నోరు అది. అన్నాక ఆవిడ కూడా బిత్తరపోయింది. కాని నోరు జారిన మాట వెనక్కి రాదు. పెద్దాయన ఆ పేరుకి ఎప్పటిలాగే పలకలేదు. వెనక్కి తిరిగి నడుచుకుంటూ దిబ్బల వైపు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆయన దిబ్బలన్నీ గాలించాడు. ఆకుపచ్చ రాయి, ఆకుపచ్చ మట్టి, ఏదైనా, గుప్పెడు. గనిలో బతికిన మనిషికి రంగంటే నేలలోపల ఉండేదే. పైన ఏముందో చూసే అలవాటు ఆయనకి ఎన్నడూ లేదు. చివరి దిబ్బ మీద, తను తవ్విన పాత గుంటల్లో మోకాళ్ళ మీద కూలబడి, చేతులతో మట్టి పెకలించాడు. తెల్లమన్ను తప్ప ఏమీ దొరకలేదు. అప్పుడు కాస్త ఏడ్చాడు కూడా. చీకటి పడుతుండగా ఇంటికొచ్చి, ప్యాంటు విప్పి మూల పడేసి, అన్నం వద్దని పడుకున్నాడు.

పొద్దున్నే భార్య గొంతుకి మెలకువ వచ్చింది. పెరట్లో బట్టలబండ దగ్గర బ్రష్షు చప్పుడు, దానికి తోడు ఆవిడ సాధింపు.

"ఎక్కడ దొర్లారో చెబుతారా లేదా? ఇంతసేపు రుద్దుతున్నాను, మోకాళ్ళ దగ్గర మరక కదిలితే ఒట్టు."

"దిబ్బ మీద కూర్చున్నాను. మట్టి మరక."

"మట్టయితే ఎప్పుడో పోయేది. మీ మట్టి మరకలు ఉతికీ ఉతికీ నా చేతులు అరిగాయి, నాకు తెలీదా? ఇది పసరు. ఆకు పసరు బట్టకి పడితే ఇక నా వల్ల కాదు."

"దిబ్బ మీద పసరెక్కడిదే?"

"నన్నడుగుతారేం? మీ మోకాళ్ళనడగండి."

పెద్దాయన లేచి వచ్చి ప్యాంటు అందుకున్నాడు. రెండు మోకాళ్ళ దగ్గరా, బెత్తెడు మేర, చిక్కటి ఆకుపచ్చ. ఆయన నీళ్ళోడుతున్న ప్యాంటుని చేత్తో పట్టుకుని వీధిలోకి నడిచాడు. "అదెక్కడికండీ, పిండనైనా పిండలేదు!" అని భార్య వెనకనుంచి కేకేస్తూనే ఉంది.

చెల్లెలు లైబ్రరీలో సీసాలు సంచిలో సర్దుకుంటోంది. రాత్రంతా నిద్రపోనట్టుంది మొహం. అన్నని చూడగానే నోరు తెరిచింది, క్షమించమనడానికే. ఆయన వినిపించుకోలేదు. తడి ప్యాంటు బల్ల మీద పరిచాడు.

"చూడు. మీ వదిన ఎంత ఉతికినా పోలేదు."

ఇద్దరూ దిబ్బ దగ్గరికి దాదాపు పరుగున వెళ్ళారు. దిబ్బంతా ఎప్పటిలాగే పెంకు కట్టి బోడిగా ఉంది. వానలకి ముందు ఆయన తీసిన గుంటల్లో మాత్రం, గునపం పడి పెంకు పగిలినచోటల్లా నీళ్ళు నిలిచాయి. ఎక్కణ్ణించో గాలికొచ్చిన విత్తనాలు ఆగాయి. ప్రతి గుంట నిండా గడ్డీ, పేరు తెలియని వెడల్పాకు మొక్కలూ తలలెత్తి ఉన్నాయి. నిన్న సాయంత్రం పెద్దాయన వాటి మీదే మోకరిల్లి, వాటినే పక్కకి తోసి, కింద రాయి కోసం వెతికాడు.

"నువ్వు తవ్వినచోటే మొలిచింది అన్నయ్యా" అంది చెల్లెలు.

ఆయన వంగి, గడ్డిని అరచేత్తో అటూ ఇటూ నిమిరాడు.

లైబ్రరీ ఆయన్ని ఒప్పించడం ఆట్టే కష్టం కాలేదు. తుప్పంతా తడిగుడ్డలతో తుడిచేస్తామనీ, ఇక పొడి రాలదనీ చెల్లెలు హామీ ఇచ్చింది. ముక్కు కారుతున్న మనిషికి అంతకంటే ఏం కావాలి? రెండు రోజులు తుడిచారు. అడుగు ఎరుపు శుభ్రంగా బయటపడింది. అప్పుడు వెడల్పాకులు పిడికెడు మడిచి చెల్లెలు గోడమీద రుద్ది చూసింది. పలక మీద పిల్లలు రుద్దినట్టే, ఆకు నలిగి, పసరు గోడలోకి ఇంకింది.

"ఒక మాట ముందే చెబుతున్నా" అంది ఈసారి జాగ్రత్తగా. "ఇదీ నిలవదు. పసరు కదా, ఎండాకాలానికి గోధుమరంగుకి తిరుగుతుంది."

"కొండ కూడా ఎండాకాలం గోధుమరంగుకే తిరిగేది. మర్చిపోయావా?" అన్నాడు పెద్దాయన. "వానలు పడ్డాక మళ్ళీ పచ్చబడేది. నేనుంటాగా. వానలొచ్చినప్పుడల్లా నేను పూస్తా."

చెల్లెలు చేతిలో ఆకులు ఆయనకిచ్చేసింది. "మొన్న అన్నమాట..." అంది.

"నిచ్చెన గట్టిగా పట్టుకో" అన్నాడాయన.

నిచ్చెనెక్కి శిఖరం దగ్గర మొదలుపెట్టాడు. కింద మొదలుపెడితే తేలికని చెల్లెలు చెప్పబోయి ఆగింది. ఆయన పైనుంచి కిందికి, ఒక మెట్టు వెడల్పున, ఎడమనుంచి కుడికి రుద్దుకుంటూ, ఆ మెట్టు పూర్తయ్యాక కింది మెట్టుకి దిగుతున్నాడు. తవ్వినప్పుడు ఏ వరసలో తీశాడో అదే వరసలో పెడుతున్నాడని ఆవిడకి కాసేపటికి తెలిసింది. తెలిశాక నిచ్చెనని రెండు చేతులా పట్టుకుంది.

కిటికీల దగ్గర జనం చేరారు. భార్య ఒక బుట్టెడు ఆకులు కోసుకొచ్చి, "ఈ ప్యాంటు కూడా నేను ఉతకను, ముందే చెబుతున్నా" అని బల్ల మీద పెట్టింది. టీ కొట్టాయన టీ గ్లాసులు పట్టుకుని లోపలికొచ్చి, తల పైకెత్తి కొండంతా కలయజూశాడు. ఆయన కళ్ళకి ఎప్పుడూ లోపమే ముందు ఆనుతుంది.

"కొండమింగీ!" అని అరిచాడు. "ఎడమవైపు వదిలేశావు, మేకలు మేసేచోట!"

చెల్లెలు నిచ్చెన మీద చేతులు బిగించింది. భార్య టీ కొట్టాయన వైపు చూసిన చూపుకి ఆయన గ్లాసులతో సహా ఒకడుగు వెనక్కి వేశాడు.

పెద్దాయన రుద్దడం ఆపి కిందికి చూశాడు. చేతులు మణికట్టు దాకా ఆకుపచ్చగా ఉన్నాయి.

"ఆఁ" అన్నాడు. "చూశాలే. అక్కడికే వస్తున్నా."